ఙ తో మొదలయ్యే మాట

నలభై ఆరో రోజు.
రేణిగుంట దాటినాక వచ్చే ఫోన్ల కంపెనీలో
రాత్రి షిఫ్టు, మూడో లైను.
కళ్ళు మటుకే కనపడే తెల్ల ముసుగులో
కెమెరా అద్దాలు బిగిస్తా ఉండాను.
లెక్క లోపల నడస్తా ఉండాది.

టీ గంటకు
థ్వీ అక్కను క్యాంటీను వెనక్కి పిలిచినా.
మాకు పని నేర్పను వియత్నాం నుంచి వచ్చిన మనిషి.
మా ఇద్దరి నడుమ నూరు మాటలు కూడా లేవు:
స్క్రూ, గ్లౌజు, నో డస్ట్, గుడ్, తిన్నావా.
అందుకే ఆమెకి చెప్పాలనిపించిందేమో.

ఫోన్లో తెలుగు కొట్టినా: నెల తప్పింది.
అది వాళ్ళ భాషలో ఏమి పలికిందో గానీ
ఆమె ముఖం విప్పారింది.
"కో బౌ?" అని
కడుపు ముందర గాల్లో ఒక సొరకాయ గీసింది.
తల అడ్డంగా ఊపినా. మళ్ళీ ఊపినా.

ఆమె తప్పు కాదు. ఫోను తప్పూ కాదు.
బస్సు తప్పితే ఇంకో బస్సు,
దోవ తప్పితే ఎవుర్నైనా అడగొచ్చు.
నెల తప్పితే మాత్రం
విన్నోళ్ళు ముందు మెడ చూస్తారు,
ఆనక కడుపు,
ఆనక వాడెవడని.
మెడలో తాళి ఉంటే అదే మాటకు చక్కెర పంచుతారు.
బయట చేరను మాటుండాది, దూరముండను మాటుండాది,
కాకి ముట్టనూ ఉండాది, ముట్లుడగనూ ఉండాది,
ఉత్త ఆలస్యానికి మా ఊర్లో మాట లేదు.

థ్వీ అక్క జేబులోంచి స్టిక్కర్ల అట్ట తీసి
వెనకవైపు రాసింది. పలికింది. నన్నూ పలకమంది.
కిఞ్ ఙుయెత్.
నెలసరి.
రెండో మాటకు చందమామని అర్థమంట,
వేలెత్తి కరకంబాడి కొండ మీద చూపించింది.

ఆ మొదటి అక్షరం మీద మూడుసార్లు జారినా.
నాలుగోసారి గుర్తొచ్చె,
ఇది నాకు తెలుసు.
ఒకటో తరగతిలో బలపం అరిగేదాకా దిద్ది
మళ్ళీ ఎన్నడూ రాయని ఙ.
దాని చెల్లెలు ఞ, జ్ఞానం కింద నక్కి బతికేది.
"ఇవెందుకు సార్?" అంటే
"ఉండాయి, అంతే" అన్నాడు మునస్వామయ్యోరు.
వరసలో ఉండీ లోపలికి రాకుండా
పంచలో వేరే చాప, వేరే చెంబు,
మూడు దినాలు కాదు, ఎప్పటికీ అట్లే
కూర్చున్న అక్షరాలు.
ఈ పొద్దు నా నోట్లో
నడింట్లోకి వచ్చినాయి.

కిఞ్ అంటే వాళ్ళ గుళ్ళో చదివే గ్రంథం కూడానంట.
చేతులు జోడించి చూపించింది.
మా ఇంట్లో ఆ మూడు దినాలూ
కేలండర్లో సామి పటం కూడా తాకనీరు.
అది ఎట్ల చెప్పాలో తెలీక
టీ తాగినా.

పోగొట్టుకుంటే మత్ కిఞ్.
దీపం మాదిరి ఆరిపోతే తత్ కిఞ్.
రెండూ రాసి, రెండూ కొట్టేసింది.
అడుగున పెద్దగా రాసింది: చమ్ కిఞ్.
చమ్ అంటే ఏమో తెలియజెప్పను లేచి
చెప్పుల స్టాండు దాకా నత్త మాదిరి నడిచింది.
నిదానం.
ఇంకా వస్తా ఉండాది. దోవలో ఉండాది.

తనకూ అంతేనంట, వాళ్ళూరి ఫ్యాక్టరీలో మొదటి ఏడు,
నాలుగు నెలలు. నాలుగు వేళ్ళు.
ఆనక అట్ట మూలన ఒక సూది బొమ్మ వేసి
కింద రెండు గీతలు గీసింది, డాక్టరు కాడికి పో అని.
వాడెవడని అడగలా.
ఎవుడన్నా ఉండాడా అని కూడా అడగలా.
ఆ మాటలో అడగను చోటు లేదు.

తెల్లారి కంపెనీ బస్సు
రైలుగేటు కాడ ఆగినప్పుడు
పిచ్చాటూరు నుంచి అవ్వ ఫోను.
"ఏమ్మే మునీ, తలకి పోసుకుంటివా ఈ నెల?"
పక్క సీటు మెకానిక్కు మేలుకోనే ఉండాడు.
"చమ్ కిఞ్ అవ్వా."
"చమ్కీలా? ఎవురి రవిక్కి?"
"నాదే."
"కుట్టడమయిందా?"
"లేదవ్వా. నిదానంగా అవతాది."

గేటు ఇంకా పడే ఉండాది.
గూడ్సుబండి, పెట్టె వెనక పెట్టె.
లెక్కబెట్టను మొదలుబెట్టి
నలభై దాటినాక
మానేసినా.